నాలుగు మెగాబిట్లు కొంటే ఒకటి కూడా అందలేదు

సరుకు ఓడలో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ని. ఇల్లు విశాఖలో, ఏడాదిలో ఆరు నెలలు నీటి మీద. మా ఓడకు పెట్టిన శాటిలైట్ ఇంటర్నెట్‌ను ఈ విడత అయిదు నెలలు వాడాను. సంస్థ పేరు చెప్పను. అయిదుకు మూడు మార్కులు.

ప్లాను 4 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 4 మెగాబిట్లు. స్పీడ్ టెస్ట్ 3.6 చూపేది. ఆఫీసు సర్వర్ నుంచి 180 ఎంబీ చార్టుల ఫైలు దింపబోతే మాత్రం 0.85 దాటేది కాదు, దాదాపు అరగంట. ఆంటెన్నాను అనుమానించి, డోమ్ విప్పి కేబుళ్లన్నీ బిగించాను. ఎండకు చొక్కా తడిసింది తప్ప ఒరిగిందేమీ లేదు.

అసలు సంగతి లెక్క వేస్తే తెలిసింది. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగినది వెళ్లి జవాబు రావాలంటే ఆ దూరాన్ని నాలుగుసార్లు దాటాలి. ఆ వెళ్లి వచ్చే సమయం, అంటే పింగ్, 620 మిల్లీసెకన్లు. ఆఫీసులోని పాత సర్వర్ 64 కేబీ పంపి, అందినట్టు రసీదు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. 64 కేబీని ఎనిమిదితో గుణించి బిట్లుగా మార్చి, 0.62 సెకన్లతో భాగించి చూడండి, నా 0.85 అక్కడే ఉంది.

దీనికి మందు ఈ సేవలోనే ఉంది. ఉపగ్రహంతో మాట్లాడే ఒడ్డు కేంద్రం (హబ్)లోని యాక్సిలరేటర్ అనే పరికరం మన తరఫున అక్కడికక్కడే రసీదులు ఇచ్చేస్తుంది, సర్వర్ ఆగకుండా పంపుతుంది. మేమేమో ఫైళ్లన్నిటినీ వీపీఎన్‌లో, అంటే ఆఫీసు నుంచి ఓడ దాకా తాళం వేసిన సొరంగం లాంటి దారిలో తెప్పించుకునేవాళ్లం. వీపీఎన్ ఆ రసీదులను కూడా కప్పేస్తుంది కనుక యాక్సిలరేటర్‌కు చేయడానికి ఏమీ మిగలదు. వెబ్‌సైట్లు వాడే మామూలు హెచ్‌టీటీపీఎస్ అయితే లోపలి సరుకుకే తాళం, రసీదులు బయటే కనబడతాయి. చార్టులను అలా తెప్పించేందుకు ఆఫీసును ఒప్పించేసరికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు అదే ఫైలు ఏడు నిమిషాల్లో వస్తోంది.

రెండు మార్కులు కోసింది ఇందుకే: బిగించడానికి వచ్చిన మనిషి ఈ ముక్క అరనిమిషంలో చెప్పి ఉండవచ్చు. మాన్యువల్‌లో ఒక్క వాక్యం లేదు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే రెండుసార్లూ మోడెమ్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు.

ఫోను మాటలకు మాత్రం ఏ యాక్సిలరేటరూ పనికిరాదు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ వంటి ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాధ ఉండదు, మాకు అది లేదు. నేను "అన్నం తిన్నావా" అనేసరికి మా ఆవిడ "అక్కడ వానా" అంటుంది. ఇద్దరం ఆగుతాం, మళ్లీ ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం. చివరికి, మాట ముగించినవాళ్లు "ఊఁ" అనాలని ఒప్పందం చేసుకున్నాం.