కాళేశ్వరం వెళ్తే ఒక రాత్రి ఉండండి

నాన్న సంవత్సరీకం ఇంటి దగ్గరే జరిగింది. అయినా కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసే సంగమంలో ఒక్కసారి తర్పణం వదిలితే గానీ మనసు కుదుటపడదని అమ్మ అంటూనే ఉంది. మొన్న డిసెంబర్‌లో ఒక మంగళవారం అమ్మను తీసుకుని నేను, అక్క, బావ బయల్దేరాం.

హనుమకొండ నుంచి పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. భూపాలపల్లి దాటేదాకా బొగ్గు లారీల వెనకే నడిచాం. కాటారం తర్వాత అడవి మొదలయ్యాక అమ్మ కూడా కిటికీ అద్దం దించింది. రైల్లో వచ్చేవాళ్లకు ఇబ్బందే, ఊళ్లో స్టేషన్ లేదు. రామగుండంలోనో పెద్దపల్లిలోనో దిగి రోడ్డు పట్టాలి.

గుళ్లో రద్దీ లేదు, అరగంటలో గర్భగుడి ముందుకు చేరాం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకరు కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోవారు ముక్తేశ్వరుడు, శివుడు. ఇక్కడ మొదటి పూజ యముడికే, ఆ తర్వాతే శివుడికి. చిన్నప్పటి నుంచి విన్న మాటే అయినా, నాన్న పోయిన ఏడాదిలో యముడి ముందు నిలబడితే నాకు చేతులు జోడించాలనిపించలేదు. అమ్మ మాత్రం ముందు ఆయనకే దండం పెట్టి, తర్వాత పక్కకు తిరిగి శివుడికి పెట్టింది. ఆమెను చూశాకే నేనూ పెట్టాను. ముక్తేశ్వర లింగానికి ముక్కు రంధ్రాల్లా రెండు రంధ్రాలుంటాయి. వాటిలో పోసిన అభిషేక జలం భూమి లోపలి దారిన సంగమంలో కలుస్తుందని నమ్మకం.

శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం కలిపి త్రిలింగ క్షేత్రాలంటారు. తెలుగు అనే పేరు త్రిలింగం నుంచే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. అంత పేరున్న ఊళ్లో తిండికి మాత్రం నాలుగైదు చిన్న హోటళ్లే కనిపించాయి. మధ్యాహ్నం భోజనం వేడిగా, బాగానే పెట్టారు. రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్తే ఒక్క చోట ఉప్మా తప్ప ఏమీ దొరకలేదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే కాస్త ముందే తినిపించండి.

బస విషయంలో తప్పు నాదే. దేవస్థానం గదులున్నాయి, టీటీడీ సత్రం ఉంది. మామూలు రోజే కదా అని ముందు కనుక్కోకుండా వెళ్లాను. ఏదో పెళ్లి బృందం వచ్చి గదులన్నీ నిండిపోయాయి. చివరికి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గదికి 1,500 తీసుకున్నారు. దుప్పట్లు ఉతికినవి కావు, వేడినీళ్లు ఉదయం ఆరు దాటాకే అన్నారు. స్నానానికి నదికే వెళ్లాలి కాబట్టి సర్దుకున్నాం గానీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఇండియన్ టాయిలెట్ చాలా కష్టమైంది. పెద్దవాళ్లతో వెళ్తే డబ్బులిచ్చే ముందు ఆ ఒక్కటీ చూసుకోండి.

అయినా ఆ రాత్రి ఉండటమే మంచిదైంది. చాలామంది పొద్దున వచ్చి, మునిగి, దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. మేం తెల్లవారకముందే ఘాట్‌కు వెళ్లాం. మంచు తెర తొలగుతుంటే, ఎదురుగా ఉత్తరం నుంచి ప్రాణహిత, ఎడమ చేతి వైపు నుంచి గోదావరి కనిపించాయి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. ఇక్కడ గోదావరి కంటే ప్రాణహితలోనే నీళ్లు ఎక్కువ. సంగమంలో మూడో నది సరస్వతి, కంటికి కనబడని అంతర్వాహిని అంటారు. ఆ నమ్మకంతోనే 2025 మే నెలలో ఇక్కడ 12 రోజులు సరస్వతీ పుష్కరాలు జరిగాయి.

పురోహితుణ్ని ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకున్నాం. సామగ్రితో కలిపి ఎంతో అప్పుడే అడిగాం కాబట్టి నీళ్లలో నిలబడి బేరమాడే అవస్థ రాలేదు. గోత్రనామాలు తొందరపడకుండా, మేం తడబడితే ఆగి మళ్లీ చెప్పించాడు. మా నాన్న పేరు పలికేటప్పుడు బావకు గొంతు పూడుకుపోతే, కాసేపు ఊరుకున్నాడు కూడా. మెట్లకు నాచు పట్టి ఉంది, అమ్మను ఇద్దరం పట్టుకునే దించాం. బట్టలు మార్చుకునే గది అక్కడే ఉన్నా లోపల గడియ లేదు. అక్క తలుపు దగ్గర కాపలా ఉండాల్సి వచ్చింది.

వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. బావ వెళ్దామన్నాడు, మేడిగడ్డ బరాజ్ కూడా చూద్దామన్నాడు. అమ్మ అలసిపోయిందని రెండూ మానుకున్నాం. తిరుగు దారిలో మహదేవపూర్‌లో మాత్రం ఆగాం. దసలి పట్టు నేసే ఊరది. ఇన్నాళ్లూ కొత్త చీర ఊసెత్తనివ్వని అమ్మ, తేనె రంగు చీర ఒకటి ఒళ్లో వేసుకుని చాలాసేపు నిమిరి, "ఇది మీ నాన్నకు నచ్చేది" అంది. అదే తీసుకున్నాం.