‘నోస్ఫెరాటు’ డిస్క్ కొనేవాళ్లు ఆగండి: ‘రిస్టోర్డ్’ అని చెప్పి రంగులు పోయిన కాపీ అంటగడుతున్నాడు

పాత మూకీల డిస్కులు అమ్మే ఆ సెల్లర్ ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. 1922 నాటి జర్మన్ రక్తపిశాచి మూకీ ‘నోస్ఫెరాటు’ని ‘పూర్తి రిస్టోర్డ్ (పాడైన ప్రింటును బాగుచేసిన) బ్లూ-రే, 94 నిమిషాలు’ అని పెట్టాడు. డబ్బు ముందే తీసుకున్నాడు. వచ్చింది ఇంట్లో కంప్యూటర్‌లో రాసిన (బర్న్ చేసిన) డిస్క్. మొదటి నుంచి చివరి దాకా ఉత్త నలుపు తెలుపు, 70 నిమిషాలకే అయిపోయింది.

ఫోన్ చేస్తే అతను అన్న మాట ఇది: “వందేళ్ల నాటి మూకీ బ్రదర్, బ్లాక్ అండ్ వైట్ కాకపోతే ఏముంటుంది? దెయ్యం పగలు తిరిగితే మీకేంటి, రాత్రి తిరిగితే మీకేంటి?” అనేసి పెట్టేశాడు. ఆ వెంటనే నంబర్ బ్లాక్ చేశాడు.

డబ్బు కంటే ఆ మాటే ఎక్కువ మండిస్తోంది. ఈ సినిమా ప్రాణమంతా పగలూ రాత్రీ మధ్య తేడాలోనే ఉంది మరి! అప్పటి ఫిల్మ్‌కి చీకట్లో బొమ్మ పడదు. అందుకని దర్శకుడు మూర్నావ్ వీధుల్లో జరిగే రాత్రి సీన్లను పట్టపగలే తీశాడు. తర్వాత ప్రింటు మీద ఆ ముక్కలకు నీలం రంగు అద్దారు. దీపం వెలుగులో జరిగేవాటికి పసుపు, తెల్లవారుజాముకి గులాబీ. ఈ సినిమాకి మూలం బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాకులా’ నవల. అందులో డ్రాకులా పగలు కూడా లండన్‌లో తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయంతే. సూర్యకాంతి తగిలితే రక్తపిశాచి చస్తుందన్నది ఈ సినిమా తెచ్చిన కల్పన. ఇప్పుడు ఆ నీలం తీసేసి చూడండి. సినిమాలోని రక్తపిశాచి ఓర్లోక్ తన శవపేటికను చంకన పెట్టుకుని విస్‌బోర్గ్ ఊరి వీధుల్లో ఎర్రటి ఎండలో నడుస్తుంటాడు, గోడల మీద నీడలు కూడా పడుతుంటాయి. చివర్లో మాత్రం పొద్దుటి ఎండకే పొగై మాయమైపోతాడు! మొదటిసారి చూసేవాళ్లకి ఏం అర్థమవుతుంది? పాత సినిమా అంటే ఇంతేనేమో అని నవ్వుకుని కట్టేస్తారు. ఓర్లోక్‌గా వేసిన మాక్స్ ష్రెక్ లాంటి నటుడికి జరిగే అన్యాయం అది.

వేగం సంగతి ఇంకా దారుణం. దీన్ని సెకనుకు దాదాపు 18 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన చూపించాలి, అప్పుడే 94 నిమిషాలు వస్తుంది. అవే ఫ్రేములను 24 చొప్పున పరిగెత్తిస్తే 70 నిమిషాల్లో అయిపోతుంది. కథానాయకుడు హుట్టర్‌ని ఓర్లోక్ కోటకు తీసుకెళ్లే గుర్రపు బండిని మూర్నావ్ కావాలనే అసహజమైన వేగంతో కదిలించాడు, అక్కడే అడవిని నెగటివ్‌లో చూపించి చెట్లను తెల్లగా చేశాడు. మనిషి లోకం దాటి అవతలికి వెళ్లాం అని చూసేవాడికి తెలిసేది అక్కడే. హుట్టర్ మొదటి సీన్ నుంచే గెంతుతూ నడుస్తుంటే ఆ బండి వేగం ఎవరికి ఆనుతుంది?

ఇలాంటి కాపీలు ఎక్కడివంటే, ప్రానా కంపెనీ నవల హక్కులు కొనకుండా సినిమా తీసింది, స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేసింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో కోర్టు తీర్పు వచ్చింది. పరాయి దేశాలకు చేరిన ప్రింట్లు మిగిలాయి. వాటి నుంచి కాపీ, ఆ కాపీకి కాపీ అవుతూ రంగులు పోయాయి. అమెరికాలో దీనికి కాపీరైట్ లేదు, కాబట్టి ఎవరైనా డిస్కు వేయొచ్చు. నలుపు తెలుపు కాపీని నలుపు తెలుపు అనే చెప్పి వంద రూపాయలకు అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు. అసలు రిస్టోరేషన్ 2005-06లో పాత జర్మన్ సినిమాలను కాపాడే మూర్నావ్ ఫౌండేషన్ కోసం లూసియానో బెర్రియాతువా చేసినది. పారిస్‌లోని ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాథెక్ ఫ్రాన్సేజ్‌లో దొరికిన 1922 నాటి రంగు అద్దిన ప్రింటు ఆధారంగా ఆ రంగులు తిరిగి తెచ్చారు, అప్పట్లో హాన్స్ ఎర్డ్‌మన్ ఇచ్చిన సంగీతాన్ని మళ్లీ కూర్చారు. వాళ్ల శ్రమను అట్ట మీద అచ్చేసి లోపల ఈ చెత్త పెట్టడం పచ్చి మోసం.

కొనేముందు సెల్లర్‌ని మూడు ఫొటోలు అడగండి. ఓర్లోక్ పేటిక మోసే సీన్ (నీలంగా ఉండాలి), ఒక టైటిల్ కార్డు (మాటలు రాసి చూపే తెర), డిస్కు అడుగు భాగం. కార్డులు ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకండి, బ్రిటన్‌లో వచ్చిన మంచి ఎడిషన్‌లోనూ ఇంగ్లీషు కార్డులే. పేర్లు చూడండి: ఓర్లోక్ బదులు డ్రాకులా, హుట్టర్ బదులు హార్కర్, అతని భార్య ఎలెన్ బదులు నీనా, విస్‌బోర్గ్ బదులు బ్రెమెన్ అని ఉంటే అది పాత అమెరికన్ ప్రింటు. అడుగున రాసిన భాగానికీ ఖాళీ భాగానికీ మధ్య వలయంలా గీత కనిపిస్తే ఇంట్లో రాసినదే. కంప్యూటర్‌లో పెడితే సినిమా మొత్తం నాలుగు జీబీ లోపే ఉంటే డీవీడీని సాగదీసి ఉండొచ్చు. బొమ్మ దాదాపు చతురస్రంగా, 4:3లో ఉండాలి. వెడల్పు టీవీ నిండా వచ్చిందంటే పైనా కిందా కోసేశారు, లేదా అడ్డంగా సాగదీశారు. ఓర్లోక్ నీడ మెట్లెక్కే సీన్‌లోనే అది బయటపడుతుంది. ఒక ఫ్రేము దగ్గర ఆపితే చెయ్యి రెండుగా కనిపిస్తే వేగం మార్చడానికి ఫ్రేములు కలిపేశారు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. బిల్లు లేకుండా డబ్బు పంపొద్దు. మోసపోయినవాళ్లు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నేనూ చేస్తున్నాను. బయటి దేశం నుంచి అసలుది తెప్పించుకునేవాళ్లు రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో డిస్కు ఆడుతుందో చెప్పే గుర్తు) కూడా చూసుకోండి. బ్లూ-రేకి అమెరికా ఏ, బ్రిటన్ బీ, మనది సీ. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ లేకపోతే, డిస్కుకి రీజియన్ లాక్ ఉందో లేదో కనుక్కున్నాకే ఆర్డర్ పెట్టండి.