బాడుగ చైన్ మిషన్‌తో వరికోత: కోవూరు రైతు అనుభవం

పెన్నా ఆయకట్టులో, కోవూరు మండలంలో నేను సాగుచేసిన నాలుగెకరాల నెల్లూరు మసూరి (34449) రకం వరి పైరును ఈ మార్చి చివర బాడుగ చైన్ మిషన్‌తో (టైర్లకు బదులు చైన్ పట్టాలపై నడిచే వరికోత యంత్రంతో) కోయించాను. గాలివానకు పైరు సగం పడిపోయి, మడిలో కాలు దిగబడే తడి ఉన్నందున టైరు మిషన్ దిగే వీలు లేకపోయింది. డ్రైవరు మాత్రం పైరు వాలిన దిక్కుకు ఎదురుగా, కట్టరును బాగా కిందికి దించి, ఎంతో ఓపికగా నడిపాడు. మొదటి మడి కాగానే వెనుక పడిన గడ్డిని దోసిళ్లతో ఎత్తి విదిలించి చూశాను. తాలు తప్ప గట్టి గింజలు పట్టుమని పది కూడా రాలలేదు. ఆరు నెలల కష్టం నేలపాలు కాలేదన్న తృప్తి కలిగింది.

అయితే మిషన్ వాళ్ళు చెప్పిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. గంటల లెక్కన తీసుకునే బాడుగలో, ధాన్యం ట్రాక్టరు కోసం మిషన్ ఆగి ఉన్న సమయాన్ని కూడా కలపడం అన్యాయం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కనుక కోసిన ధాన్యాన్ని మళ్ళీ కళ్ళంలో ఆరబోయక తప్పలేదు. గడ్డి తునకలై చెల్లాచెదురైనందువల్ల గేదెల మేతకు ఇబ్బందే.

ఎడగారు (రెండో పంట) కోతకూ ఈ మిషన్‌నే పిలుస్తాను. బాడుగ లెక్కను మాత్రం ముందే కాగితం మీద రాయించుకుంటాను.