అక్కర్లేని యాప్‌లు పీకేసిన మా టీవీ బాక్సు: మూడేళ్ల తర్వాత

2022 ఎండాకాలంలో నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో ఆండ్రాయిడ్ టీవీ బాక్సు కొన్నాం. మూడు వేల చిల్లర పడింది. కంపెనీ పేరు చెప్పను, ఈ ధరలో ఏది తెచ్చుకున్నా కథ దాదాపు ఇదేనని తర్వాత మా చెల్లెలి ఇంట్లో, మా ఆఫీసు వాళ్ళ ఇళ్ళలో చూశాక అర్థమైంది. బాక్సు ఎలా ఉంది, బొమ్మ బాగుందా అనేది రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాంట్లో వాళ్ళు నింపి పంపిన చెత్త యాప్‌లని తీసేసి మూడేళ్లు వాడితే ఏమవుతుందో రాసినవాళ్ళు నాకు పెద్దగా దొరకలేదు, అందుకని రాస్తున్నా.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తా. సెట్టింగ్స్‌లో డిసేబుల్ చేయడం వరకు నిర్భయంగా చేసుకోండి. ల్యాప్‌టాప్ తగిలించి లోపల కెలికే పని మాత్రం నేను చేశాను కాబట్టి చెబుతున్నా, నూటికి తొంభై మందికి అవసరం లేదు.

బాక్సు పెట్టిన రోజు హోమ్ స్క్రీన్ మీద 18 యాప్‌లు ఉన్నాయి. మేము వాడేవి ఐదు. మిగతా వాటిలో ఒక కరావోకే (మా ఇంట్లో పాడేవాళ్ళు ఎవరూ లేరు, స్నానాల గదిలో మా ఆయన తప్ప), ఒక జాతకాల యాప్, మాకు రాని భాషల ఓటీటీలు రెండు, ఒక షాపింగ్ యాప్, పిల్లల గేమ్స్ పేరుతో సగం ప్రకటనలే వచ్చేది ఒకటి, ఇంకా మెమరీ శుభ్రం చేస్తానని చెప్పి తనే మెమరీ తినేసే క్లీనర్ ఒకటి. వీటిని పెట్టినందుకు కంపెనీకి డబ్బు వస్తుంది కాబట్టే బాక్సు ఆ ధరకి ఇస్తారని మా ఆయన అంటాడు, అది నిజమే అయినా మన హాల్లో ఉన్న టీవీ మీద వాళ్ళ బోర్డులు ఎందుకు అని నా గొడవ.

నాకన్నా ఎక్కువ ఇబ్బంది మా అత్తకి. ఆమెకి ఇంగ్లీషు చదవడం రాదు. యాప్‌లని రంగు, చోటు చూసి గుర్తుపడుతుంది. ఆమె భాషలో అవన్నీ బిళ్ళలు. ఎర్రబిళ్ళ, దాని పక్కన నీలంబిళ్ళ, ఎర్రబిళ్ళ నుంచి కుడికి మూడు నొక్కులు నొక్కితే భక్తి పాటలు. ఈ లెక్క ఆమె కష్టపడి నేర్చుకుంది. ఒకరోజు పొద్దున ఏదో అప్‌డేట్ అయ్యి మధ్యలో కొత్త బిళ్ళ ఒకటి వచ్చి కూర్చుంది. మూడు నొక్కులకి సుప్రభాతం రావాల్సింది పోయి షాపింగ్ యాప్‌లో మిక్సీలు వచ్చాయి. "అమ్మాయ్, దేవుడి బిళ్ళ యాడికి పోయిందే" అని వంటింట్లోకి వచ్చింది. ఇలా నెలకి ఒకటి రెండు సార్లు.

అసలు పరువు పోయింది 2023 సంక్రాంతికి. ఒంగోలు నుంచి మా చెల్లెలు వాళ్ళు, కందుకూరు నుంచి మా ఆడబిడ్డ వాళ్ళు, పిలకాయలు అంతా కలిపి పద్నాలుగు మంది హాల్లో. కొత్త సినిమా పెట్టబోతే స్టోరేజ్ నిండిపోయింది అని మెసేజ్, ఆ తర్వాత యాప్ తెరుచుకోదు, తెరుచుకుంటే అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. చివరికి పిలకాయలు ఫోన్లు తీసుకుని తలా ఒక మూలకి వెళ్ళిపోయారు. ఆ రాత్రే కూర్చున్నా.

మా బాక్సులో స్టోరేజ్ 8 జీబీ అని అట్టపెట్టె మీద ఉంటుంది. అందులో దాదాపు సగం సిస్టమ్‌కే పోతుంది, మనకి మిగిలింది నాలుగున్నర. సెట్టింగ్స్‌లో యాప్స్ అనే చోటికి వెళ్ళి, అన్ని యాప్‌లూ చూపించు అని నొక్కితే పొడవైన జాబితా వస్తుంది. ఒక్కొక్కటి తెరిచి చూస్తే మూడు రకాలు కనపడతాయి. కొన్నింటికి అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటుంది, నొక్కితే పూర్తిగా పోతాయి, గొడవ లేదు. కొన్నింటికి అది ఉండదు, డిసేబుల్ అని ఉంటుంది. కొన్నింటికి రెండూ ఉండవు, ఉన్నా మసగ్గా ఉండి నొక్కబడవు. మా 18లో మొదటి రకం నాలుగే. రెండో రకం ఎనిమిది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది, నేనూ పడ్డాను. డిసేబుల్ చేస్తే ఆ యాప్ కనపడదు, వెనకాల నడవదు, అప్‌డేట్లు తెచ్చుకోదు. కానీ పోదు. కంపెనీ వాళ్ళు పెట్టిన అసలు కాపీ సిస్టమ్ భాగంలో ఉంటుంది, దాని మీద మనకి రాసే హక్కు లేదు, కాబట్టి ఆ చోటు మనకెప్పటికీ రాదు. అద్దె ఇంట్లో ఓనరు ఒక గదికి తాళమేసి తన సామాను పెట్టుకున్నట్టు. మరి డిసేబుల్ చేస్తే స్టోరేజ్ ఎందుకు పెరిగిందంటే, ఆ యాప్‌కి వచ్చిన అప్‌డేట్లు, అది పోగేసుకున్న డేటా మన భాగంలో కూర్చుని ఉంటాయి. అందుకే డిసేబుల్ నొక్కే ముందు అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటే అది నొక్కాలి, తర్వాత క్లియర్ డేటా, ఆ తర్వాత డిసేబుల్. ఈ వరసలో ఎనిమిదింటికీ చేస్తే నాకు 900 ఎంబీ దాకా ఖాళీ దొరికింది. వాటిలో కరావోకే ఒక్కటే 210 ఎంబీ, ఒక్కసారి కూడా తెరవకుండా.

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ కూడా ఆపేశాను. నెలకోసారి మేము వాడే ఐదింటిని నేనే అప్‌డేట్ చేస్తా. ఇది మర్చిపోతే ఓటీటీ యాప్‌లు పాతబడి ఒకరోజు పనిచేయనని మొరాయిస్తాయి, కాబట్టి బద్ధకస్తులు ఆటో అప్‌డేట్ ఆపకండి.

తేడా ఎంత అంటారా. స్విచ్ వేశాక హోమ్ స్క్రీన్ రావడానికి ముందు ఒక నిమిషం పైన పట్టేది, ఇప్పుడు నలభై సెకన్లు. అదేమంత గొప్ప కాదు. రిమోట్ నొక్కాక బాణం కదలడానికి పట్టే ఆలస్యం పోయింది, అదే అసలు సుఖం. స్టోరేజ్ మెసేజ్ మూడేళ్లలో రెండుసార్లే వచ్చింది, రెండుసార్లూ క్యాష్, అంటే యాప్‌లు తాత్కాలికంగా దాచుకునే ఫైళ్ళు, క్లియర్ చేస్తే సరిపోయింది. అత్త బిళ్ళలు కదలడం మానేశాయి. బాక్సు కొత్తదానిలా పరిగెత్తుతుందని మాత్రం అనుకోవద్దు, లోపల ప్రాసెసర్ అదే, ర్యామ్ అదే.

మధ్యలో పెన్ డ్రైవ్ పెట్టి స్టోరేజ్ పెంచుకునే ప్రయత్నమూ చేశాను. 32 జీబీది తగిలిస్తే డివైస్ స్టోరేజ్‌గా వాడుకోమంటావా అని అడుగుతుంది, ఒప్పుకుంటే మొత్తం ఫార్మాట్ చేసి తనలో కలుపుకుంటుంది. చోటు పెరిగింది కానీ అందులోకి మార్చిన యాప్‌లు నత్తలా తెరుచుకునేవి. మా చిన్నోడు పాటలు ఎక్కించుకోవాలని దాన్ని లాగేసిన రోజున ఆ యాప్‌లన్నీ మాయం. తీసేశాను.

హోమ్ స్క్రీన్ మీద అడ్డంగా వరసలు వరసలుగా వచ్చే సినిమా పోస్టర్లు వేరే సంగతి. మా దాంట్లో హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో కస్టమైజ్ చానెల్స్ అని ఉంది, ఒక్కో వరసకి స్విచ్ ఉంటుంది, అన్నీ ఆపేశాను. చెల్లెలి ఇంట్లో గూగుల్ టీవీ, దాంట్లో యాప్స్ ఓన్లీ మోడ్ అని ఉంటుంది, అది పెడితే సిఫార్సులు తగ్గిపోతాయి కానీ మాట్లాడి వెతకడం కూడా పోతుంది. వాళ్ళ అబ్బాయికి చదవడం ఇంకా సరిగా రాదు, మాట్లాడే వెతుకుతాడు, అందుకని రెండో రోజే మళ్ళీ మార్చేసుకున్నారు.

ఇక ల్యాప్‌టాప్ రాత్రి. నాలుగు పోగా, ఎనిమిది డిసేబుల్ కాగా, మేము వాడే ఐదు కాకుండా ఇంకొకటి మిగిలింది, మసగ్గా ఉండి నొక్కబడనిది. దానికి తోడు హోమ్ స్క్రీన్ పైభాగంలో పెద్ద ప్రకటన. నేను ఇక్కడ కావలిలో రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర లెక్కలు రాస్తాను, రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను కాబట్టి నాకేం భయం అనుకున్నా. పద్ధతి తెలిసిందే. అబౌట్‌లో బిల్డ్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో డీబగ్గింగ్, అంటే బయటి కంప్యూటర్‌ని బాక్సు లోపలికి రానిచ్చే స్విచ్, ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో ఏడీబీ అనే చిన్న సాధనం పెట్టుకుని, బాక్సు ఐపీ నంబర్ (రౌటర్ దానికిచ్చే చిరునామా), 5555 పోర్టు (లోపలికి వెళ్ళే తలుపు నంబర్ లాంటిది) కొడితే టీవీ మీద అనుమతి అడుగుతుంది. ఒప్పుకున్నాక ప్యాకేజీల, అంటే యాప్‌ల లోపలి పేర్ల, జాబితా తెప్పించుకోవచ్చు.

ఆ జాబితా చూస్తే కళ్ళు తిరుగుతాయి. వందకు పైగా పేర్లు, ఏది ఏమిటో పేరును బట్టి తెలియదు. ఉదాహరణకి కాట్నిస్ అని ఒకటి ఉంటుంది, చెత్త అనుకుని తీసేస్తే రిమోట్‌లో మైకు పనిచేయదు, ఎందుకంటే గూగుల్ వాయిస్ సెర్చ్ అదే. తీసే కమాండ్‌లో యూజర్ జీరో అని పెడతాం, అంటే ఇక్కడ కూడా సిస్టమ్ నుంచి పోదు, మన ఖాతాకి మాత్రమే తీసేసినట్టు. చోటు కలిసిరావడం డిసేబుల్‌తో వచ్చినంతే. పైగా ఇలా తీసినవి సెట్టింగ్స్ జాబితాలో కూడా కనపడవు, మళ్ళీ కావాలంటే ల్యాప్‌టాపే దిక్కు, లేకపోతే ఫ్యాక్టరీ రీసెట్.

మొండి యాప్ పోయింది. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆ ప్రకటన చూపించే లాంచర్‌ని, అంటే హోమ్ స్క్రీన్‌నే, తీసేసి వేరే సాదా లాంచర్ పెడదామనుకున్నా. ముందు కొత్తది పెట్టి, అది నడుస్తుందని చూసుకుని, తర్వాత పాతది తీయాలి. నేను తిరగేసి చేశాను. పాతది తీసేశాను, టీవీ నల్లగా అయ్యింది, పర్లేదు కొత్తది ఎక్కిస్తున్నా కదా అనుకునేలోపు కరెంటు పోయింది.

కరెంటు పోతే మా ఆయన చూసుకునే రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగుతాయి. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీసి జనరేటర్ వేయించడానికి పరిగెత్తాడు. ఆయనకి లక్షల టెన్షన్, నాకు ఇక్కడ పొద్దున్నే అత్తకి సుప్రభాతం ఎలా అని టెన్షన్. కరెంటు వచ్చాక బాక్సు ఆన్ అయింది, లోగో వచ్చింది, మళ్ళీ నలుపు. హోమ్ బటన్ నొక్కితే ఏమీ లేదు. ల్యాప్‌టాప్ నుంచి కలుపుదామంటే కలవదు, రౌటర్ కూడా ఆగి మొదలైంది కదా, బాక్సుకి కొత్త ఐపీ ఇచ్చింది. ఆ ఐపీ చూడాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలి. సెట్టింగ్స్‌కి వెళ్ళడానికి హోమ్ స్క్రీన్ లేదు! పది నిమిషాలు రిమోట్ పట్టుకుని అలాగే కూర్చున్నా. తర్వాత వెలిగింది, ఫోన్‌లో రౌటర్ పేజీ తెరిస్తే దానికి కలిసిన పరికరాల జాబితా ఉంటుంది. ఏడు ఉన్నాయి, సగానికి పేరు లేదు. ఒక్కొక్క నంబర్ కొట్టుకుంటూ పోతే నాలుగోది పలికింది. ముందే ఎప్పుడూ అనుమతించు అని టిక్కు పెట్టి ఉన్నా కాబట్టి సరిపోయింది, లేకపోతే నల్ల స్క్రీన్ మీద ఒప్పుకోవడం ఎలా? ఇన్‌స్టాల్ ఎగ్జిస్టింగ్ అనే కమాండ్‌తో పాత లాంచర్ తిరిగి వచ్చింది, ప్రకటనతో సహా. ఆ ప్రకటన చూసి అంత సంతోషం ఎప్పుడూ పడలేదు. టైము ఒకటిన్నర. మా ఆయన ఇంకా రాలేదు.

ఆ పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయడం మర్చిపోవద్దు. 2018లో ఆ 5555 పోర్టు తెరిచి ఉన్న టీవీ బాక్సుల్లోకే దూరి, వాటి చేత దొంగతనంగా క్రిప్టో డబ్బు తవ్వించిన మాల్‌వేర్ (చెడు ప్రోగ్రాం) ఒకటి తిరిగింది. ఇంకా పేరూ ఊరూ లేని, గూగుల్ సర్టిఫికేషన్ లేని చవక బాక్సులు వాడేవాళ్ళు ఈ రివ్యూ చదివి డిసేబుల్ చేస్తే చాలనుకోకండి, వాటిలో కొన్నింటికి రోగం సిస్టమ్‌లోనే ఉంటుంది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో హెచ్చరిక ఇచ్చింది ఇలాంటి వాటి గురించే.

తీసేసే హక్కు మనకుండాలన్న గొడవ నా ఒక్కదానిదే కాదు. 2022 అక్టోబర్‌లో మన దేశంలో వ్యాపార పోటీ సంగతి చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు, ముందుగా వేసిన తన యాప్‌లని జనం తీసేసుకోకుండా అడ్డుపడొద్దని కూడా చెప్పింది. అది ఫోన్ల గురించి, తీసేసుకోనివ్వమన్న ఆ ఆదేశాన్ని 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ కొట్టేసింది. టీవీల కేసు 2025 ఏప్రిల్‌లో 20.24 కోట్లకి సెటిల్‌మెంట్ అయింది, అది టీవీ కంపెనీలకి ప్లే స్టోర్‌ని విడిగా ఇచ్చే సంగతి. మన బాక్సులో కరావోకే ఎందుకని అడిగేవాళ్ళు మాత్రం ఇంకా లేరు.

రిమోట్ మీద అచ్చేసిన యాప్ బటన్లకి మందు లేదు. డిసేబుల్ చేసిన యాప్ బటన్ అత్త చేతికి తగిలితే మాదాంట్లో యాప్ లేదు అని ఇంగ్లీషులో ఏదో వచ్చి పోతుంది. రెండింటి మీద నల్ల టేపు ముక్కలు అంటించాను, ఎండాకాలంలో జిగురు కారుతుంది, మార్చాలి.

పెద్ద సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఒకటో రెండో తిరిగి రావడం మామూలే, మూడేళ్లలో మూడుసార్లు జరిగింది. మొన్న ఆదివారం మళ్ళీ వచ్చింది. నేను చేపల పులుసుకి చింతపండు పిసుకుతూ ఉంటే హాల్లో నుంచి అత్త కేక. "అమ్మాయ్, నువ్వు పంపించేసిన పాటలోడు మళ్ళా వచ్చినాడే." చేయి కడుక్కుని వెళ్ళి అప్‌డేట్స్, డేటా, డిసేబుల్. ఈసారి వెనకాల నిలబడి వరస మొత్తం చూసింది, వచ్చేసారి తనే చేస్తానంది.