మాంచెస్టర్: ముందు మిల్లు, తర్వాత జెండాలు

మాంచెస్టర్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఫుట్‌బాల్ స్టేడియం చూసి వచ్చేస్తారు. ఒక్క రోజైనా అక్కడి నూలు మిల్లులకూ కార్మిక సంఘాల చరిత్రకూ కేటాయించమని నా మనవి.

స్టయల్ గ్రామంలోని క్వారీ బ్యాంక్ మిల్లుతో మొదలుపెట్టండి. శామ్యూల్ గ్రెగ్ 1784లో స్థాపించిన ఈ మిల్లు ఇప్పుడు, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. విమానాశ్రయానికి దగ్గరే కావడంతో మేము అక్కడి నుంచే టాక్సీలో వెళ్లాం. మగ్గాలు నడిపి చూపించారు. నడిచినవి కొన్నే అయినా పక్కనున్న మనిషి మాట వినిపించలేదు. ఆ మోతలో రోజంతా పనిచేసేవారు పెదవుల కదలికను చూసి మాట్లాడుకునేవారట. నడుస్తున్న యంత్రం కిందికి పాకి, రాలిన దూది ఏరే పని చిన్నపిల్లలది.

ఆ పిల్లలున్న అప్రెంటిస్ హౌస్‌ను మాత్రం వదులుకోకండి. గైడ్ వెంటే చూడాలి కాబట్టి సమయం ముందే ఖాయం చేసుకోండి. మంచానికి ఇద్దరు చొప్పున పడుకునేవారు. థామస్ ప్రీస్ట్‌లీ అనే 13 ఏళ్ల పిల్లవాడు యంత్రంలో వేలు పోగొట్టుకున్నాడు. 1806లో తల్లిని చూడాలని ఇంకో కుర్రాడితో కలిసి లండన్ పారిపోయాడు. మేజిస్ట్రేట్ల ముందు అతడిచ్చిన వాంగ్మూలం నేటికీ ఉంది. అది విన్నాక బయటి తోట ఎంత అందంగా ఉన్నా మనసు దాని మీదికి పోలేదు.

ఈ పిల్లల తరఫున, వాళ్ల తల్లిదండ్రుల తరఫున ఎవరు పోరాడారో తెలియాలంటే నగరంలోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియానికి వెళ్లాలి. నా ఓటు దీనికే. ప్రవేశం ఉచితం, తోచినంత విరాళం ఇవ్వవచ్చు. కార్మిక సంఘాల జెండాలకు ఇంత పెద్ద భాండాగారం అరుదు. లివర్‌పూల్ రేకు పనివారి 1821 నాటి జెండా ఈ సేకరణలోనిదే. సంఘాలను నిషేధించిన చట్టాలు రద్దయింది 1824లో. అంటే, నిషేధం ఉండగానే దాన్ని తయారుచేశారు! పాత జెండాలను బాగుచేసే నిపుణులను అద్దాల కిటికీలోంచి చూడవచ్చు.

ఈ మిల్లుల బట్ట మన చేనేతను దెబ్బతీసింది. అయినా 1931లో గాంధీజీ ఇదే ప్రాంతంలోని మిల్లు పట్టణం డార్వెన్ వెళ్లినప్పుడు, విదేశీ వస్త్ర బహిష్కరణ తమ పనులను దెబ్బతీసిందని తెలిసిన మిల్లు కార్మికులే ఆయనను ఆదరంగా పలకరించారు. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టమిది.

1819 ఆగస్టు 16న ఓటు హక్కు కోసం చేరిన జనం మీదికి గుర్రపుదళాన్ని తోలిన పీటర్లూ స్థలం నడిచే దూరంలోనే ఉంది. స్మారకం మీద మృతుల పేర్లు చెక్కారు. అన్నీ మెట్లే కావడంతో చక్రాల కుర్చీలో ఉన్నవారు పైకి వెళ్లలేరు. దీనిపై వికలాంగుల హక్కుల కార్యకర్తలు గట్టిగానే నిరసన తెలిపారు.

బస మాత్రం నిరాశపరిచింది. పాత పత్తి గిడ్డంగిని హోటల్‌గా మార్చారని ఆశపడి దిగాం. గదికి కిటికీ లేదు, లిఫ్టు పనిచేయలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ రెండూ ముందే అడగండి. నగర మధ్యంలో ఉచిత బస్సు తిరుగుతుంది కాబట్టి కాస్త దూరంగా దిగినా ఇబ్బంది లేదు.