ఎం.2 ఎస్ఎస్‌డీ: స్పీడుకి ఢోకా లేదు, వేడి సంగతి మాత్రం చూసుకోవాలి

పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం ఒక మినీ పీసీ, అందులో 1 టీబీ జెన్4 (నాలుగో తరం) ఎం.2 ఎస్ఎస్‌డీ, అంటే బోర్డు మీది స్లాట్‌లో నేరుగా గుచ్చే సన్నని స్టోరేజ్ కార్డు, చాలాకాలంగా వాడుతున్నాను. ఉండేది విజయవాడ, గదిలో ఏసీ లేదు. చలికాలంలో ఏ గొడవా ఉండదు. మే నెలలో మాత్రం పెద్ద ఫైళ్లు కాపీ పెడితే కాసేపు జోరుగా వెళ్లి, స్పీడు ఒక్కసారిగా పడిపోయేది. డ్రైవ్‌లోని క్యాష్ (వచ్చే డేటాని ముందుగా వేగంగా అందుకునే భాగం) నిండినా ఇలాగే అవుతుంది కదా అని స్మార్ట్ లాగ్ (డ్రైవ్ తన స్థితిని తానే రాసుకునే చిట్టా) చూశాను. హద్దు దాటిన వేడిలో డ్రైవ్ ఎన్ని నిమిషాలు నడిచిందో చెప్పే అంకె అందులో ఉంటుంది. కాపీ పెట్టిన ప్రతిసారీ అది పెరుగుతోంది, అంటే స్పీడు పడిపోవడానికి కారణం వేడే.

ఎం.2 ప్రమాణంలో కొలతలన్నీ పక్కాగా ఉన్నాయి. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు. ఎస్ఎస్‌డీ స్లాట్‌కి పవర్ అంతా 3.3 వోల్టుల మీదే వస్తుంది. దానికి 9 పిన్నులు, పిన్నుకి అర ఆంపియర్. లెక్కేస్తే 15 వాట్ల లోపే. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పెద్ద పీసీఐఈ స్లాట్ 75 వాట్ల దాకా ఇస్తుంది. కానీ ఆ కార్డుకి సొంత హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు పలక), చాలావాటికి ఫ్యాను కూడా ఉంటాయి. ఇక్కడ వేడంతా దాదాపు డ్రైవ్‌ని నడిపించే గోరంత కంట్రోలర్ చిప్ మీదే. ఒకవైపే చిప్పులున్న కార్డు మీద ఎత్తు 1.5 మి.మీ. దాటకూడదని కూడా రాసి పెట్టినవాళ్లు, వేడిని బయటికి పంపే పని మాత్రం పీసీ డబ్బా తయారుచేసేవాళ్లకి వదిలేశారు. నాకు నచ్చనిది ఇదే.

నా పీసీ అడుగు మూత విప్పితే థర్మల్ ప్యాడ్ (చిప్పుల వేడిని మూతకి చేరవేసే మెత్తటి పట్టీ) ఉంది. దాని మీద మెమరీ చిప్పుల అచ్చు స్పష్టంగా పడింది. కంట్రోలర్ ఉండే చోట మాత్రం నున్నగా ఉంది, అంటే అక్కడ అసలు తగలనే లేదు! పొడవైన, కాస్త మందమైన ప్యాడ్ తెచ్చి కంట్రోలర్‌ని కూడా కప్పేలా వేశాక ఆ అంకె పెరగడం దాదాపు ఆగిపోయింది. మూత ఇప్పుడు బాగా వేడెక్కుతుంది, అది మంచిదే.

లినక్స్ వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఇలాంటి ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్‌లకి పవర్ స్టేట్లు, అంటే ఎంత పవర్ వాడాలో చెప్పే మెట్లు, ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను ఒక మెట్టు దించుతాను. గరిష్ఠ స్పీడు తగ్గుతుంది కానీ మధ్యలో కుదేలవదు. రీస్టార్ట్ చేస్తే నా డ్రైవ్ మళ్లీ పాత సెట్టింగ్‌కే వెళ్తుంది, అందుకే స్టార్టప్ స్క్రిప్టులో పెట్టుకున్నాను.

జెన్5 డ్రైవ్‌లలో 10 వాట్లు దాటేవి ఉన్నాయి. గాలి ఆడని మినీ పీసీలో వాటి జోలికి వెళ్లకండి. ఆ డబ్బుతో ఎక్కువ టీబీల జెన్4 తీసుకోండి, కొనేముందు స్లాట్ మీద హీట్‌సింక్‌కి చోటుందో లేదో చూడండి.