కడుపునొప్పితో వెళ్ళి రెండున్నరేళ్ళు: నా సైకోథెరపీ అనుభవం

నేను థెరపీకి వెళ్ళింది మనసు బాగోలేక కాదు, కడుపు బాగోలేక. ఎండోస్కోపీ, స్కాన్, రక్త పరీక్షలు అన్నీ నార్మల్. "టెన్షన్ ఏమైనా ఉందా?" అని డాక్టర్ అడిగితే లేదన్నాను. అబద్ధం కాదు, నాకు నిజంగానే తెలియలేదు.

దీన్ని అలెక్సిథైమియా అంటారట. 1970లలో పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్ట్ గ్రీకు మాటలు కూర్చి పెట్టిన పేరు. భావానికి మాట లేకపోవడం అని అర్థం. విడిగా జబ్బు కింద లెక్కకట్టరు, ఒక లక్షణమంతే. 20 ప్రశ్నల టొరంటో స్కేల్‌లో 61, ఆపైన వస్తే ఉన్నట్టు. నాకు 68 వచ్చింది.

మొదటి థెరపిస్ట్ దగ్గర నాలుగు నెలలు దండగ. ప్రతిసారీ "మీకేమనిపించింది?" అనేవారు. "ఏమీ అనిపించలేదండీ" అనేవాణ్ణి. తర్వాత ఇద్దరం గడియారం చూసుకునేవాళ్ళం.

రెండో ఆవిడ ఆ ప్రశ్న ఎత్తలేదు. "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఎలా ఉంది?" అన్నారు. అది చెప్పగలను! దవడ బిగిసింది, కడుపు పైభాగంలో మెలిపెడుతోంది. నోటుబుక్‌లో మూడు గళ్ళు గీయించారు: ఏం జరిగింది, ఒంట్లో ఏమైంది, దానికి ఏ మాట. మూడో గడి నెలల తరబడి ఖాళీ. ఆవిడ ఇచ్చిన ఎమోషన్ల చార్టులో 'ఆందోళన', 'నిస్పృహ' లాంటివి చదివితే అర్థమయ్యేవి గానీ నావి అనిపించేవి కావు. చివరికి అక్కరకొచ్చినవి ఇంట్లో వాడే మాటలే: ఒళ్ళు మండింది, గొంతు పూడుకుపోయింది, మనసు చివుక్కుమంది, ప్రాణం ఉసూరుమంది. ఇన్ని మాటలు నోట్లో పెట్టుకుని నేను కడుపుమంటకు యాంటాసిడ్ మింగుతూ కూర్చున్నాను.

ఒకరోజు అన్నయ్య ఫోన్ చేసి ఇల్లు అమ్మకానికి పెట్టామన్నాడు. బేరం కూడా అయిపోయాక నాకు చెప్పడం. "సరే, మంచిదేగా" అన్నాను. పది నిమిషాలకు కడుపులో మెలి మొదలైంది. నోటుబుక్ తీశాను. కోపమా? కాదు. బాధా? దగ్గరగా ఉంది గానీ అదీ కాదు. అరగంటకు రాశాను: "చిన్నబోయాను." రాయగానే నొప్పి ఎగిరిపోయిందంటే కథ చెప్పినట్టే. పోలేదు. కానీ ఆ రాత్రి మాత్ర కోసం వెతుక్కోలేదు.

లోపాలూ ఉన్నాయి. మహా నెమ్మది, ఏడాది దాకా నాకు తేడా తెలియలేదు, మధ్యలో కొన్ని వారాలు నొప్పి పెరిగింది కూడా. త్వరగా తగ్గాలనుకునేవాళ్ళకు విసుగొస్తుంది. పరీక్షలన్నీ చేయించుకోకుండా మాత్రం ఇటు రావద్దు. నా దవడ నొప్పి సంగతే చూడండి, ఎంత తవ్వినా తగ్గలేదు. నిద్రలో పళ్ళు నూరుతున్నానని తర్వాత డెంటిస్ట్ తేల్చాడు.

ఈమధ్య స్కోరు 56. ఇంకా అటూ ఇటూ కాని చోటే. కడుపునొప్పి వారానికి నాలుగైదు రోజుల నుంచి నెలకు రెండు మూడుసార్లకు దిగింది.

అన్నయ్యతో ఆ మాట ఇంకా అనలేదు. ఈ గురువారం సెషన్ దాని గురించే.